పుల్లలు వణికే క్షణం

మగ్గాల షెడ్డులో నేత పని చేసి రిటైరైన నేను, మతి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టంతో రాయించిన వీలునామా ఇది. మగ్గాల మోతకు చెవులు ఎప్పుడో పోయాయి. ఈ మధ్య వేళ్లకు స్పర్శ కూడా పోయింది. బుద్ధి మాత్రం ఎక్కడికీ పోలేదని డాక్టరు కాగితం ఇచ్చాడు. నమ్మకపోతే మా అక్క ఇంకో డాక్టరును అడగవచ్చు, ఎలాగూ అడుగుతుంది.

1. నేను ఉంటున్న రెండు గదుల ఇల్లు, వంటగది, పై గదితో సహా, నా తదనంతరం నాలుగో క్లాజులోని షరతుకు లోబడి నా కొడుక్కి చెందుతుంది. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. వాడు చెడ్డవాడు కాడు, కోడలూ చెడ్డది కాదు. ఇద్దరికీ పొసగలేదు, విడాకులు తీసుకున్నారు. ఆ కాగితాల మీద నేను మాత్రం సంతకం పెట్టలేదని వాడు గుర్తుంచుకోవాలి.

2. నూనె ఓడ్చే తీగల జాలీని మా అక్కకు ఇస్తున్నాను. అది ఇప్పటికే ఆమె ఇంట్లో ఉంది. ఒక్క పూటకని పట్టుకెళ్లి, అడిగినప్పుడల్లా "ఏ జాలీ?" అంటుంది. ఇకమీదట అది న్యాయంగా ఆమెదే కనుక దాచకుండా వాడుకోవచ్చు.

3. ఇనుప మూకుడు, పొడవాటి చెక్కపుల్లల జత నా మాజీ కోడలికి, అంటే బస్సు కండక్టరుగా పనిచేస్తున్న ఆమెకు చెందుతాయి. ఎందుకో రాయకపోతే గొడవ పడతారు కనుక రాస్తున్నాను.

కొత్త మగ్గాలు బిగించడానికి జపాన్ నుంచి వచ్చిన మెకానిక్ మా పై గదిలో అద్దెకుండేవాడు. ఇంటి మీద బెంగ పుట్టినప్పుడల్లా మా పొయ్యి మీద పంది మాంసం కట్లెట్లు వేసుకునేవాడు. వేలు మందం ముక్క, కొవ్వుకీ కండకీ మధ్య ఉండే నరం మీద కత్తిగాట్లు. గాట్లు పెట్టకపోతే, అంచు దారం బిగిసిన గుడ్డలా ముక్క ముడుచుకుపోతుంది. నేతపనిదాన్ని కనుక ఈ ఒక్కటీ నాకు చెప్పనక్కర్లేకపోయింది. తర్వాత ఉప్పు, మిరియాల పొడి, మైదా, గుడ్డు సొన, చివరగా ముతక బ్రెడ్ పొడి. పొడిని అద్దాలే గానీ అదమకూడదు.

ముక్క ఉడికిందో లేదో అతను నూనె చప్పుడును బట్టి చెప్పేవాడు. చెవులు లేని నేనేం చేయను? ఒకరోజు నూనెలో ఉన్న ముక్కను, అతను ముక్కలు తిప్పే పొడవాటి చెక్కపుల్లలతో పట్టుకుని ఊరికే నిలబడ్డాను. మొదట మొద్దుగా, బరువుగా ఉంది. కాసేపటికి పుల్లల్లోంచి సన్నటి వణుకు వేళ్లలోకి పాకింది. తీసి కోస్తే లోపల తేమ మెరుస్తోంది, పైన పొడి నిక్కపొడుచుకుని బంగారు రంగులో ఉంది. అతను నా చేతిలోంచి పుల్లలు లాక్కుని, తర్వాతి ముక్కను పట్టి, వణుకు అందగానే మూకుడు మీదికి వంగి మళ్లీ పట్టి చూశాడు. ఇన్నేళ్ల తర్వాత తలుచుకున్నా నా ఒళ్లు జలదరిస్తుంది. నూనెకీ మాంసానికీ మధ్య జరిగే సంగతిని రెండు చెక్కపుల్లలు మనిషికి చేరవేస్తున్నాయి. ఇంతకన్నా వింత నేను చూడలేదు. వెళ్లేటప్పుడు అతను పుల్లలు నాకే ఇచ్చాడు.

చాలామందికి నేర్పబోయాను. అక్క "అమ్మో, నూనె చిందుతోందే!" అంటూ పారిపోయింది. వణుకు అంటే ఎక్కడో బోల్టు వదులైందని కొడుకు లెక్క. పొయ్యి స్టాండు బోల్టులన్నీ బిగించి, పని అయిపోయిందని చేతులు దులుపుకున్నాడు. పెళ్లయిన కొత్తలో కోడలు పుల్లలు పట్టుకుని కళ్లు మూసుకుంది. వణుకు రాగానే కళ్లు తెరిచి నా వైపు చూసింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నేర్పడం నా వల్ల కానిది దానంతట అదే ఆమె చేతికి వెళ్లింది.

ఇప్పుడు నా వేళ్లకు ఆ వణుకు తెలియడం లేదు. ప్రతి ఆదివారం ఆమె వచ్చి పుల్లలు పట్టుకుంటుంది, సమయం రాగానే తల ఊపుతుంది, నేను పళ్లెం పడతాను. ఆమె తల ఊపిన ప్రతిసారీ నాకు ఆ మొదటి రోజు ఆశ్చర్యమే.

4. "విడిపోయాక ఇంకా మనింటికి ఎందుకు రావడం అమ్మా?" అని కొడుకు అడుగుతున్నాడు. నేను పోయాక తలుపు వేసేస్తాడని నా భయం. అందువల్ల, ఆదివారం ఆమె వస్తే వంటగది తలుపు తీయాలన్న షరతు మీదే ఇల్లు వాడికి చెందుతుంది. వాడు పలకరించనక్కర్లేదు, కావాలంటే బయటికి పోవచ్చు. కానీ అంచున కొవ్వుండే చివరి ముక్క, చిన్నప్పటి నుంచీ వాడు నా వెనక నుంచి చెయ్యి పెట్టి ఎత్తుకుపోయే ముక్క, వాడి కోసం తీసి పెట్టాలి. ఇది కోడలికి షరతు.

5. ఈ వీలునామా అమలు బాధ్యత మాంసం కొట్టు బాబాయిది. చేతిలో కత్తి ఉన్న మనిషికి మావాళ్లు ఎదురు చెప్పరని నమ్మకం.

6. ఆమె నన్ను ఇప్పటికీ "అత్తయ్యా" అనే పిలుస్తుంది. నాకు వినపడదు, పెదవుల మీద చూస్తాను. అలా పిలవడానికి ఇక నీకు హక్కు లేదని అక్క ఆమెతో అంది. అదీ పెదవుల మీదే చూశాను. ఆ పిలుపు పిత్రార్జితం కాదు, నా స్వార్జితం. మిగతావన్నీ నేను పోయాకే. దీన్ని మాత్రం ఈ రోజు నుంచే, ఎవరూ రద్దు చేయడానికి వీల్లేకుండా, ఆమెకు రాసిచ్చేస్తున్నాను.

తేదీ: మార్చి పన్నెండు, ఆదివారం.

సాక్షులు: పక్కింటి టైపిస్టు, పై గదిలో ఉంటున్న నర్సు.

వేళ్లకు పెన్ను తెలియడం లేదు కనుక వేలిముద్ర వేశాను. దాని కింద పేరు రాయమంటే టైపిస్టుతో ఇలా రాయించాను:

అత్తయ్య.