చీకటి గదిలో దువ్వెన

మెంఫిస్‌లో పారసీక అధికారి ఇంట దాదిగా ఉన్న తషెరికి, యేబు ద్వీపంలోని యూదుల దండుపేట నుంచి నీ భర్త పెలత్యా రాస్తున్న ఉత్తరం. మా ఆకాశదేవుడూ, మీ పొట్టేలు దేవుడు ఖ్నూమూ ఇద్దరూ నిన్ను చల్లగా చూడాలి. ఇక్కడ అందరం కులాసా.

నిన్న సాయంత్రం దీపం పెట్టకముందే మన అబీహి లోపలి గదిలోకి వెళ్లి నీ దువ్వెన వెతికి తెచ్చింది. కోతలప్పటి నుంచి పిల్లకు పొద్దుగూకితే చూపు ఆనేది కాదు. గోడ తడుముకుంటూ నడిచేది. నువ్వు అక్కడ పరాయి బిడ్డకు పాలిస్తూ దిగులుపడతావని పోయిన ఉత్తరంలో రాయలేదు.

పిల్ల ఏం తింటోందని అడిగావు. రాజుగారి కోటా బార్లీ, పప్పు. మన మేక వట్టిపోయింది. ఏరు తగ్గి కూరమడులు ఎండాయి. కడుపు నిండుతోంది కదా అనుకున్నాను.

మీ అమ్మ నాతో మాట్లాడుతోందా అనీ అడిగావు. పండక్కి మావాళ్లు గొర్రెపిల్లను కోస్తారని మన పెళ్లినాటి నుంచి ఆమె మా పేటలో అడుగుపెట్టలేదు. చీకట్లో పిల్ల మెట్ల మీద పడిందని తెలిసి వచ్చింది. వస్తూనే కుండ మూత తీసింది.

"ఏమయ్యా అల్లుడూ, గాడిదకు పెట్టినట్టు ఉత్త బార్లీయేనా? ఆకేది? పాలేవి? ఈ చూపుకి కాలేయం పెట్టాలి. మా అమ్మ నాకు ఎద్దుది పెట్టింది."

ద్వీపంలో ఎద్దును కోసేది పెద్ద పండగకే. మా పేటలో దొరికేది గొర్రెది. ఆమె వెళ్లాక తెచ్చాను. మర్నాడు దాన్ని కాలుస్తుంటే మళ్లీ వచ్చింది. బాతుది అన్నాను.

"ఆహా. ఆ బాతుకి ఊలు కూడా ఉందా?"

 ఆమె పొయ్యిలోకి తొంగిచూసింది.

"ఇలా తే. బొగ్గు చేశావు. పిల్ల గొంతు దిగుతుందా అది?"

ఉల్లిపాయ తరిగి, నూనెలో మెత్తగా వేయించింది. అబీహి నోట్లో పెడుతున్నప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది. పెట్టడం మాత్రం మానలేదు. ఆ తర్వాత రోజూ వచ్చింది, తన మేకపాలు, ఎక్కడ సంపాదించేదో గుప్పెడు ఆకుకూర పట్టుకుని.

ఇక నీకు చెప్పొద్దని ఆమె నా చేత మాట తీసుకున్న సంగతి. గొర్రె మాంసం ముట్టినవాళ్లు ఖ్నూము గుడిలో రొట్టెల పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు. ఎవరూ చూడలేదు కదా అత్తా, ఊరుకో అన్నాను.

"దేవుడికి పెట్టే రొట్టె. దొంగచేత్తో పిసకమంటావా?" అంది.

తనే వెళ్లి పూజారికి చెప్పుకుంది. మీ అమ్మమ్మా, ఆ తర్వాత మీ అమ్మా కూర్చున్న ఆ పొయ్యి ముందు ఈ పండక్కి వేరొకామె కూర్చుంటుంది. నీకు తెలిస్తే కాని ఊళ్లో ఏడుస్తావని ఆమె భయం. కానీ నీ దగ్గర ఒకటి దాచి చూశాను, రెండోది నా వల్ల కాదు. అమ్మకు నాలుగు మాటలు రాయి. నా పేరెత్తినా ఫర్వాలేదు.

ఎల్లుండి సాయంత్రం ఖ్నూము ఊరేగింపు. మీ అమ్మ గుడిలో కాకుండా మా పేట మలుపులో, వీధిలో నిలబడి చూస్తుంది. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుందన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేది అబీహే.

ఇట్లు,
అబీహి నాన్న