ఉప్పు అని పిలిచే పొడి

తమ్ముడూ,

అక్కను రాస్తున్నాను. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. నువ్వూ కులాసా అని రాశావు. ఆ ఒక్క వాక్యం నేను నమ్మలేదు.

ముందు నువ్వడిగినవి. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పగానే నన్ను ఎగాదిగా చూసి, "ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావే?" అంది. చూపు వచ్చిందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇక రెండోది. మీ ఫ్యాక్టరీలో జరిగిన అగ్నిప్రమాదం గురించి మా పత్రికలో రాసేటప్పుడు నీ పేరు బయటికి రానివ్వనని మాటివ్వమన్నావు. దాని సంగతి చెబుతాను, ఆగు.

మీ జనరల్ మేనేజరు మొన్న ఇక్కడి హెడ్డాఫీసుకు విలేకరుల్ని పిలిచాడు. ఆరబెట్టే షెడ్డు ఎవరో కూలీ కాల్చిన సిగరెట్టు వల్ల తగలబడిందట. రాకెట్ ఇంధనంలో కలిపే మీ తెల్లపొడికి ఏ పాపం తెలియదట. "ఇది ఉప్పండీ, ఉత్త ఉప్పు!" అంటూ చెంచాడు పొడి స్టీలు పళ్లెంలో పోసి, వెలిగించిన అగ్గిపుల్ల పడేశాడు. పొడి అంటుకోలేదు. పుల్ల మాత్రం మామూలుకంటే తెల్లగా వెలిగి ఆరింది. అది ఆయన చూడలేదు. ఆయనకు కావలసింది చప్పట్లు. కొట్టారు కూడా, మా విలేకరుల్లో బిస్కెట్ల కోసం వచ్చినవాళ్ళే ఎక్కువ.

పొడి నేలమీద ఒలికితే ఏం చేస్తారని అడిగాను.

"రంపపుపొట్టు చల్లి ఊడ్పించేస్తాం. మా దగ్గర శుభ్రత ఎక్కువమ్మా."

ఆ పొడి తనంతట తాను మండదు, పక్కనున్నదాన్ని మండిస్తుంది. పొట్టు, గ్రీజు, గుడ్డ, ఏది తోడైనా చాలు. మెత్తగా నూరిన పొడి గుట్టగా ఉండి వేడెక్కితే షెడ్డే మిగలదు. ఇది తెలియని మనిషి కింద నువ్వు ఆ పొడి నూరిస్తున్నావు. తెలిసే బుకాయిస్తున్నాడేమో అనుకున్నాను. అంత తెలివి ఆయన ముఖాన లేదు.

పోయినసారి వచ్చి నువ్వు ఇక్కడ మరిచిపోయిన పనిచొక్కా చేతుల అంచులు పొడి పట్టి అట్టలా బిగుసుకున్నాయి. గంజి అనుకుని అమ్మ వేడి ఇస్త్రీపెట్టె ఆనించబోయింది. లాగేసుకున్నాను. రోజూ ఉతికిన బట్టలిస్తారని రాశావే, ఆ అబద్ధం ఎవరు నేర్పార్రా నీకు?

ఆ అంచులోంచి కత్తిరించిన వేలెడు ముక్కనూ, మిగతా చొక్కానూ ఆ సమావేశానికి తీసుకెళ్ళాను. మేనేజరు పళ్లెమే తుడిచి, అందులో ముక్క పెట్టి, ఆయన అగ్గిపెట్టెతోనే అంటించాను. బుస్సుమంది. "ఏంటమ్మా ఇ..." అనేలోపు ముక్క లేదు. ఆయన కుర్చీ వెళ్ళి గోడకు తగిలింది.

"ఉప్పే కదండీ, కుర్చీ ఎందుకు జరిగింది?" అన్నాను.

"ఎక్కడి గుడ్డకో కిరసనాయిలు పూసి తెచ్చి మాకంటగడతావా? ఎవరిదో చెప్పు!"

వెనక వరుసలో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. ఏటా అంతా సవ్యమని సంతకం పెట్టిన మహానుభావుడు. ఆయనా నావైపే చూశాడు. ఎవరిదో తెలియని గుడ్డ సాక్ష్యం కాదు.

చెప్పాను, తమ్ముడూ. "మా తమ్ముడిది. నూరే షెడ్డులో సూపర్‌వైజరు. మిగతా చొక్కా ఇదిగో, పరీక్షకు పంపండి" అన్నాను. నన్ను నమ్మి చెప్పినవాడి పేరు నా నోట బయటికి రావడం ఇదే మొదలు. అది నీ పేరే అయింది.

ఇన్‌స్పెక్టరుకు ధైర్యం వచ్చిందనుకోకు. భయం వచ్చింది, పని జరగడానికి అదీ చాలు. నూరే షెడ్డుకు సీలు వేయమని ఆదేశం పంపాడు. నిన్ను తీసేసిన కాగితం కూడా ఈ ఉత్తరం కంటే ముందే నీకు చేరి ఉంటుంది.

తిట్టాలనుంటే ఉత్తరంలో వద్దు. వచ్చి, ఎదురుగా కూర్చుని తిట్టు.

ఇట్లు,
నీ ఉద్యోగం తీసిన
అక్క