మూడు నొక్కులు

అక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇంట్లోనే నేర్చుకుని పాటలు రికార్డు చేద్దామని, నా మొదటి కీబోర్డు కొనడానికి ఈ రోజు విజయనగరం వెళ్లాను. చర్చిలో నువ్వు వాయిస్తే నేను పాడే పాటనే, నేనడిగితే, కొట్లో అతను వాయించాడు. నా గొంతు పైకి అందలేదు. కీబోర్డు శ్రుతి తప్పిందన్నాను.

"ఇదే అసలు శ్రుతండి," అంటూ ట్రాన్స్‌పోజ్ బటన్ మూడుసార్లు నొక్కాడు. శ్రుతి దిగి, గొంతు హాయిగా కలిసింది.

"అలాగే ఉంచేయండి."

"ఉండదండి. ఆపేస్తే మళ్లీ మొదటికొచ్చేస్తాది. పాడే ముందు ప్రతిసారీ నొక్కాల."

ప్రతి ఆదివారం నేను మైకు దగ్గరికి రాగానే నీ వేలు ఆ బటన్ మీదే మూడుసార్లు ఆనేది. ఏటక్కా అదంటే, "దుమ్మురా" అన్నావు. నా గొంతు దేవుడిచ్చిందని ఊరంతా చెప్పావు.

ఎన్ని కీలది కావాలని కొట్టతను అడిగాడు. ఆ బటన్ ఉంటే చాలన్నాను.