నీల్ రిటర్న్ ఫైల్

చేవెళ్ల,
ఆగస్టు 24

మొయినాబాదు సీతారామారావు సారుకు అరుణమ్మ దండం పెట్టి రాసేది.

నేనెవరో మీకు తెల్వదు. మీ ఇంట్ల వంట చేసే అంతమ్మ మా గల్లీదే. మీరు ముప్పై ఏండ్లు కంపెనీల పన్నుల లెక్కలు చూసిన్రట. మీకు చెవులు జర మందమట, ఫోన్ల మాట్లాడితే చెవుల మిషన్ కూస్తదట. అందుకే కాగితం మీద రాసి అంతమ్మ చేతికిస్తున్న.

సంగతేందంటే, పోయిన ఏడు నేను మూడు వందల కుర్చీలు, రెండు శామియానాలు కొని టెంట్‌హౌస్ పెట్టిన. అజీజ్‌నగర్ రిసార్టు మేనేజర్ దయానందం సారు "జీఎస్టీ నంబరు తీస్కో, ఆర్డర్లిస్త" అంటే ఫిబ్రవరిల తీస్కున్న. ఆయన ఒక్క ఆర్డరియ్యలే. ఊరోళ్లు కుర్చీలు తీస్కపోయిన్రు గని అందరు చుట్టాలే, కిరాయి ఎట్ల అడుగుత? ఆరు నెలల్ల ఒక్క రూపాయి రాలే.

ఇప్పుడు ఆయననే కార్తీకంల ఐదు పెండ్లిళ్లు నాకే ఇస్తనంటున్నడు. సెప్టెంబరు పదికల్లా నంబరు నడుస్తున్నదని చూపియ్యాలె. మొన్ననే ఫోన్ల నోటీసు దిగింది. ఆరు నెలల సంది రిటర్న్ ఫైల్ చెయ్యలేదట, జుర్మానా పడ్డదట, నంబరు రద్దు చేస్తరట. ఈ ఐదు పెండ్లిళ్లు పోతే కుర్చీలు అమ్ముకునుడే సారూ, ఇంకో దారి లేదు.

నాకు సమజ్ కానిది ఒక్కటే. నేను గవర్నమెంటు దగ్గర ఏం తీస్కోలే. తీస్కోనిది రిటర్న్ ఎట్ల చేస్తరు?

ఇట్లు,
అరుణమ్మ

మల్ల యాదికొచ్చింది: అంతమ్మ కూరల్ల ఉప్పు ఎక్కువేస్తే నాకు రాయుండ్రి. మీరు చెప్తే వినదు.

*

మొయినాబాద్,
ఆగస్టు 26

అరుణమ్మగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. కంగారు పడకండి. నోటీసులో ఇచ్చిన గడువులోగా పాత బాకీలన్నీ సర్దుకుంటే నంబరు నిలుస్తుంది. వ్యాపారం జరగని నెలలో కూడా నిల్ రిటర్న్ ఫైల్ చేసి తీరాలి. చేయకపోతే రోజుకు ఇరవై రూపాయల ఆలస్య రుసుము. అయితే అలాంటి నెలకు ఐదు వందలకు మించదు. మీరు ఆరు నెలలకు ఆరు నిల్ రిటర్నులు ఫైల్ చేయాలి. ఆ పని నేను చేసిపెడతాను, మీ కాగితాలు పంపండి.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలోనూ ఆ తర్వాతా నేను ఒక్క గడువు కూడా దాటినవాణ్ణి కాను. కాబట్టి నిశ్చింతగా ఉండండి.

భవదీయుడు,
సీతారామారావు

తా.క. ఉప్పు సంగతి నిజమే. నేను రాసినట్టు మాత్రం చెప్పకండి.

*

చేవెళ్ల,
ఆగస్టు 29

సారుకు అరుణమ్మ దండాలు.

మీరు రాసినట్టే చేసిన. నా కాగితాలన్ని పచ్చ ఫైల్ల ఉండె. మీరు నీల్ ఫైల్ రిటర్న్ చెయ్యమన్నరు గద, బస్టాండు కాడి దుకాణంల అడిగితే నీల్ రంగుది ఒక్కటే ఉన్నదన్నడు. కుర్చీల బిల్లులు, నంబరు కాగితం అన్ని దాంట్ల వెట్టి అంతమ్మతోని పంపుతున్న. కడమ ఐదు ఫైళ్లు సోమవారం వస్తయట. మీరు రాసేటప్పుడు దీర్ఘం మర్చిపోయి "నిల్" అని రాసిన్రు. ఏం కాదు సారూ, పెద్ద వయసు.

గని ఒక్క ముచ్చట చెప్పుండ్రి. గవర్నమెంటోళ్లకు నీల్ రంగే ఎందుకు కావాలె? ఎర్రది పంపితే ఏమైతది? కుర్చీలు కొనేటప్పుడు గూడ దుకాణపోడు నీల్‌వే తీస్కో అన్నడు, నేను ఎర్రయి తీస్కున్న. దానికి గూడ జుర్మానా ఉన్నదా?

అరుణమ్మ

మల్ల యాదికొచ్చింది: ఖర్చెందుకని ముందుగాల పచ్చ ఫైల్‌నే బట్టలకు వెట్టే నీల్ నీళ్లల్ల ముంచిన. రంగు పట్టలే. నా చేతులకు అంటిన నీల్ మాత్రం ఇంక పోతలేదు.

*

మొయినాబాద్,
ఆగస్టు 31

అరుణమ్మగారికి,

మీ ఉత్తరం చదివి నేను మొదట తల పట్టుకున్నాను. మా ఆవిడ బాలత్రిపురసుందరి మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. తప్పు నాది. వివరంగా రాయవలసింది.

నిల్ అంటే రంగు కాదమ్మా, సున్నా. ఏమీ లేదని అర్థం. రిటర్న్ అంటే ఏదో వెనక్కి ఇవ్వడం కాదు, ఈ నెల ఇంత జరిగిందని లెక్క చెప్పడం. ఫైల్ చేయడమంటే ఆ లెక్కను కంప్యూటర్లో దాఖలు చేయడం. మీ కుర్చీలు ఏ రంగువైనా ప్రభుత్వానికి అభ్యంతరం లేదు.

మీ కాగితాల్లో కావలసినవి రాసుకున్నాను. నీలం ఫైలు మీకు ఇచ్చేయమని అంతమ్మకు చెప్పాను. రేపు ఉదయం పది గంటలకు నేనిక్కడ పని మొదలుపెడతాను. మీ ఫోనుకు ఓటీపీ అని ఒక అంకె వస్తుంది. రాగానే తెలియజేయండి.

సీతారామారావు

తా.క. మిగిలిన ఐదు ఫైళ్లూ కొనకండి.

*

చేవెళ్ల,
సెప్టెంబరు 1

సారుకు దండాలు.

సరింగ పది గొట్టంగనే ఓటీపీ వచ్చింది. రాంగనే తెలియజెయ్యమన్నరని పొయ్యి మీద కూర గూడ దించకుండ ఈ ఉత్తరం రాస్తున్న. అంకె 482016. రేపు పొద్దుగాల బస్సుకే అంతమ్మ తెస్తది.

నీల్ ఫైల్ ముట్టింది. పంపినప్పటి కంటె బరువున్నది. పాపం ఎంత పని చేసిన్రో అనుకున్న. విప్పలే సారూ, పన్ను కాగితాలు ముట్టుకుంటే ఇంకేం జుర్మానా పడుతదో అని షెడ్డుల కుర్చీల మీద వెట్టి మీద తువాల కప్పిన.

నిల్ సంగతి రాత్రంత ఆలోచించిన. ఏమి లేకపోతే ఏమి లేదని చెప్పాలె, చెప్పకుంటే జుర్మానా. మరి మా ఇంటాయన బాలరాజు నెలనెలా జీతమెక్కడ అంటే "ఏమి లేదు" అని ఠంచనుగ చెప్తడు. ఆయనకు గవర్నమెంటు ఇనామియ్యాలె గద? ఏమి లేనోడు చెప్పకపోతే వాళ్లకు నష్టమేంది సారూ?

అరుణమ్మ

మల్ల యాదికొచ్చింది: ఓటీపీ ఎవ్వరికి చెప్పొద్దని మెసేజుల రాసున్నది. అందుకే కవరుకు గట్టిగ గమ్ అంటించిన. మీరు గూడ చదివి మర్చిపోండ్రి.

*

మొయినాబాద్,
సెప్టెంబరు 3

అరుణమ్మగారికి,

ఓటీపీ ఆయుష్షు పది నిమిషాలు. మీది మొయినాబాద్ బస్సు ఎక్కకముందే కాలం చేసింది. ఆదివారం ఫోను తీసుకుని మీరే రండి. ఒక్క పూటలో ముగించేద్దాం.

మీ ప్రశ్న నాకు బాగా నచ్చింది. ముప్పై ఏళ్లలో ఏ మేనేజరూ నన్ను అలా అడగలేదు. నాకు తోచింది చెబుతాను. మీ షెడ్డు కాపలావాడు రోజూ "అన్నీ ఉన్నాయమ్మా" అని చెబుతాడనుకోండి. ఒకరోజు నోరు మెదపకపోతే కుర్చీలున్నాయో పోయాయో మీకెలా తెలుస్తుంది? నిద్రపోయాడా, ఎవరికైనా అమ్ముకున్నాడా అని అనుమానం రాదూ? ప్రభుత్వమూ అంతే. మీరు నోరు మెదపకపోతే వ్యాపారం లేదనుకోదు, దాస్తున్నారనుకుంటుంది. ఇకపై పని లేని నెలలో ఫోను నుంచి ఒక మెసేజ్ పెట్టినా సరిపోతుంది, అదీ నేర్పిస్తాను.

మరో ముఖ్యమైన మాట. ఈ రోజుల్లో పన్ను, గడువు, ఫైలు అంటూ దొంగలు ఫోన్లు చేస్తున్నారు. తెలియని నంబరు నుంచి ఎవరు చేసినా మాట్లాడకండి. "నేను సీతారామారావుని" అన్నా సరే నమ్మకండి. నేను ఫోన్ చేసేవాణ్ణి కానని మీకు తెలుసుగా.

సీతారామారావు

తా.క. బాలరాజుగారికి ఇనాం ఉండదు. "ఏమీ లేదు" అన్నది నిజమో కాదో తనిఖీ చేసే అధికారం మాత్రం మీకుంటుంది.

*

చేవెళ్ల,
సెప్టెంబరు 16

సారుకు, సుందరమ్మకు శతకోటి దండాలు.

ఆ ఆదివారం మీ ఇంట్ల కూసొని ఐదు నెలలకు ఐదైదు వందలు, జులై నెలకు మూడు వందల అరవై కట్టినప్పుడు కడుపు కాలింది. ఇప్పుడు సల్లవడ్డది. పదో తారీకు నంబరు చూపిస్తే దయానందం సారు ఐదు పెండ్లిళ్లు రాసిచ్చిండు! అడ్వాన్సు ముట్టింది. సంతోషానికి ఏడ్చిన సారూ, దాసుకునేదేమున్నది. మీ రుణం ఎట్ల తీర్చుకోవాల్నో నాకైతే తెలుస్తలేదు. నిన్న ఇయ్యాల అజీజ్‌నగర్‌లనే శామియానాల కొలతలు తీస్కున్నం. ఆగస్టు నెలది నేనే మెసేజ్ పెట్టిన, ఏమి లేదని. ఏమి లేదని చెప్పుడుల గింత కుషీ ఉంటదనుకోలే.

అంతమ్మ ప్రొద్దుటూర్ల చెల్లె ఇంటికి పోయి మూడు దినాలైంది. రేపొస్తది, ఈ ఉత్తరం దెస్తది.

అరుణమ్మ

మల్ల యాదికొచ్చింది: మీరు చెప్పిన దొంగ నాకు గూడ తగిలిండు. నిన్నటి సంది పదకొండు సార్లు ఫోన్ చేసిండు. "నా ఫైలు, నా గడువు" అని ఒర్రుతున్నడు, వెనక కుయ్యిమని ఒకటే కూత, గొంతు గూడ సరింగ ఇనవడలే. మీ పేరు గూడ చెప్పిండు, ఎంత ధైర్యమో చూడుండ్రి. "మా సారు పేరు చెప్తవారా, పోలీసోళ్లకు పట్టిస్త" అని నోటికొచ్చినట్టు తిట్టి నంబరు బ్లాక్ చేసిన. మంచిగ జేసిన్నా?

*

మొయినాబాద్,
సెప్టెంబరు 17

అరుణమ్మగారికి,

ఐదు పెళ్లిళ్లు వచ్చినందుకు మా ఇద్దరికీ ఎంతో సంతోషం. ఇంత చక్కగా నేర్చుకున్న శిష్యురాలు నాకు ఉద్యోగంలో దొరకలేదు.

ఆ దొంగను నేనే.

మీ రిటర్నుల ధ్యాసలో నా సొంత ఆదాయపన్ను రిటర్నును చివరి రోజుదాకా వాయిదా వేశాను. పదిహేనో తారీకు ఉదయం బీరువాలోంచి నా నీలం ఫైలు తీసి విప్పితే పింఛను కాగితాల బదులు మూడు వందల ఎర్ర కుర్చీల బిల్లు కనిపించింది. అంతమ్మ మీకిచ్చింది నాది, బీరువాలో సర్దింది మీది. ఫోన్ చేస్తే మీరు పెట్టిన చీవాట్లు, చెవిలో మిషను కూస్తున్నా స్పష్టంగా వినబడ్డాయి. ఆటో కట్టించుకుని చేవెళ్ల వస్తే ఇంటికీ షెడ్డుకూ తాళం. ప్రభుత్వం దయతలచి గడువు ఒక రోజు పొడిగించింది. ఆ రోజంతా మీ తాళం ముందు, మీ ఎర్ర కుర్చీ ఒకటి బయట ఉంటే దానిలో కూర్చున్నాను. చాలా సౌకర్యంగా ఉంది.

ఇక ఐదు వేలు ఆలస్య రుసుము కట్టాలి. ముప్పై ఏళ్ల రికార్డు పోయింది. నిజం చెప్పొద్దూ, నిన్న రాత్రి అన్నం సయించలేదు. అయినా మీరు తప్పు చేయలేదు. నేను నేర్పిందే చేశారు.

మొదటి ఉత్తరంలో మీరడిగారు, తీసుకోనిది ఎట్లా రిటర్న్ చేస్తారని. తీసుకున్నది మాత్రం దయచేసి రిటర్న్ చేయండమ్మా. నీల్ ఫైల్.

సీతారామారావు

తా.క. దీర్ఘం మరచిపోలేదు, చూసుకోండి. వచ్చేటప్పుడు మీ పాత పచ్చ ఫైలు కూడా తెండి. ఇకమీదట నా కాగితాలు అందులోనే పెట్టుకుంటాను.