పోస్టుమన్ గూడ సదువచ్చు

దెబోరా, ఆపరేషన్ మంచిగైంది, ఫికర్ జెయ్యకు.

వరిబీజమని రెండేండ్లు నేను నీకు గూడ చెప్పక దాసింది, బీజంల పెరిగిన గడ్డ అట. కాన్సర్ జాతిదేగని మెల్లగ పెరిగే రకం, ఎక్కడో ఒక్క ముసలోనికి వస్తదట. ఆ బీజం తీసేసిండ్రు. ఇంకెక్కడికి పాకలే, మందులు గూడ అక్కర్లేదన్నరు.

నిన్న డాక్టరమ్మ పదిమంది డాక్టరు చదువుకునే పిల్లల్ని తోలుకచ్చి, "తాతా, జర మీరే చెప్పుండ్రి" అన్నది. అరవై ఆరేండ్ల మనిషిని, తల దించకుండ మొదటి సంది చెప్పిన. సిగ్గుతోని దాసిపెట్టుడే నా తప్పని గూడ చెప్పిన. అందరు రాసుకున్నరు! ఏడో తరగతి సదివినోని మాట డాక్టర్లు రాసుకున్నరే!

కాలువ నీళ్లు వచ్చినయా? బర్రె ఈనిందా?

మన కొడుకు తిమోతి కవరు తెస్తె వద్దని పోస్టుకార్డు కొనిపిచ్చిన. పోస్టుమన్ సదువనియ్యి. ఆదివారం చర్చిల అందరు సాక్ష్యాలు చెప్పేటప్పుడు నువ్వు గట్టిగ సదువు. ఎనుక బెంచీల కూసునే నీ తమ్ముడు మొగిలికి వినబడాలె. వాడు గూడ ఏడాది సంది వరిబీజమనే అంటుండు.

దేవుని చెయ్యి మీ అందరి మీద ఉండాలె. నా పక్క మంచం సోమారం ఖాళీ అయితదట, వాణ్ణి తోలియ్యి.

ఎబినేజర్, కరీంనగర్ దవఖాన