ఒక లారీకి రెండు బాడీలు కట్టించిన పరిశోధన

విజయవాడ,
ఆగస్టు, 2003.

విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు గారి సముఖమునకు, విజయవాడలో ఒక మేనేజ్‌మెంట్ కళాశాలలో ఎం.బి.ఎ. విద్యార్థులకు పాఠాలు చెప్పుకొను చిలకా లాజరు వ్రాసుకొన్న మనవి.

అయ్యా,

విషయం: "చిన్న పరిశ్రమలలో నాయకత్వం" అను నా పిహెచ్.డి. గ్రంథములోని నాల్గవ అధ్యాయము తప్పని, యూనివర్సిటీ ముద్ర వేసి ఇద్దరు వ్యక్తులకు తెలియజేయుట. అందువలన నా డాక్టరేటు పోయినచో పోనిచ్చుట – గురించి.

1. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టు షెడ్డు ఒకటి కలదు. అందు ఇనుప పని షేక్ కాశిం గారిది, చెక్క పని వీరబ్రహ్మం గారిది. ఇరువురూ పాతికేళ్లుగా భాగస్థులు. షెడ్డులో కుర్చీ ఒక్కటే. చెక్క పని నడుచు రోజులలో ఆ కుర్చీలో బ్రహ్మం గారు కూర్చొనెదరు, కాశిం గారు టీ తెచ్చెదరు. ఇనుప పని మొదలైన రోజున బ్రహ్మం గారు తనంతట తానే లేచి టీ కెటిల్ అందుకొనెదరు. లేవమని ఎవరూ చెప్పరు. ఇది నేను కళ్లారా చూసిన విషయము. చూసి ఊరుకొనక పోవుటయే నా మొదటి తప్పు.

2. పరిశోధనా పద్ధతి ప్రకారము ఇరువురినీ వేర్వేరుగా కూర్చోబెట్టి "మీలో నాయకుడు ఎవరు?" అని ప్రశ్నించితిని. కాశిం గారు "బ్రహ్మం గారే సార్, ఆయన పెద్దోరు" అన్నారు. బ్రహ్మం గారు "కాశిమేనండీ మాస్టారూ, వాడు లేకపోతే ఇక్కడ ఏవుందీ?" అన్నారు. మన వైపు ఎవరిని అడిగినా ఈ మాటే వచ్చును. పెళ్లి భోజనాలలో "ముందు మీరు కూర్చోండి" అంటే "కాదు, మీరు" అన్నట్లే గదా ఇది. నేను కృష్ణా జిల్లాలోనే పుట్టి పెరిగినవాడను. అయినను ఆ మర్యాదను సమాచారముగా భావించి వ్రాసుకొంటిని.

3. అంతటితో ఆగియున్నచో ఈ అర్జీ అవసరమే లేకపోవును. పరస్పర విరుద్ధమైన సమాధానములు పట్టికలో ఇమడవు గనుక, కాశిం గారి వద్దకు పోయి, "బ్రహ్మం గారు స్వయంగా మిమ్మల్నే నాయకుడు అన్నారు" అని చెప్పితిని. కాశిం గారు "అంత మాట అన్నారా సార్, ఆయన?" అని కళ్లు తుడుచుకొని నాకు గోళీ సోడా తెప్పించినారు. తరువాత బ్రహ్మం గారి వద్దకు పోయి అదే మాట తిప్పి చెప్పితిని. ఆయన కూడా కళ్లు తుడుచుకొన్నారు. ఆ సోడా కూడా తాగితిని. ఒకరికి చెప్పిన సంగతి రెండవ వారికి చెప్పలేదు.

4. పిమ్మట ఒక ఆదివారము ఇరువురినీ మా కళాశాలకు పిలిచి, మిగతా షెడ్లవారితో కలిపి ఉపన్యాసము ఇచ్చితిని. "నాయకుడైనవాడు పదిమందిని అడుగుతూ కూర్చోడు, ధైర్యంగా ఒక్కడే నిర్ణయం తీసుకుంటాడు" అని బల్ల గుద్ది చెప్పితిని. వారిరువురూ మొదటి వరుసలో కూర్చుని, ఎవరికి వారు తమ గురించే చెబుతున్నానని తల ఊపినారు. నాకు చాలా సంతోషము కలిగినది.

5. ఆ తరువాత కంకిపాడు నుండి ఒక రైసు మిల్లు యజమాని ఇంకా బాడీ కట్టని కొత్త లారీ ఛాసిస్ తెచ్చి అప్పగించినారు. పూర్వము చెక్క కోయుటకు ముందు బ్రహ్మం గారు "ఏవంటావ్ కాశిం?" అని అడుగుట, రేకు వంచుటకు ముందు కాశిం గారు "ఏమంటారు బ్రహ్మం గారూ?" అని అడుగుట రివాజు. ఈసారి ఎవరూ అడగలేదు. బ్రహ్మం గారు సామిల్లులో చెక్క గోడలు సిద్ధము చేయించినారు. కాశిం గారు మరొక షెడ్డులో రేకు గోడలు వంపించినారు. తెల్లారి ఒకే ఛాసిస్ ముందుకు రెండు బాడీలు వచ్చినవి. మిల్లు యజమాని వచ్చి చూసి, "నేనిచ్చింది ఒక లారీయేనయ్యా! రెండోదాన్ని నెత్తిన పెట్టుకోనా?" అని ఛాసిస్ తీసుకొని పోయినారు.

6. అప్పటినుండి షెడ్డులో పని లేదు. బ్రహ్మం గారు మంగళగిరిలో ఇళ్లకు తలుపులు చేయుచున్నారు. కాశిం గారు ఎవరి షెడ్డులోనో గేట్లు వెల్డింగు చేయుచున్నారు. "నన్ను పెద్దనని ఒప్పుకొని ఇప్పుడు మాట తప్పాడు" అని ఇరువురూ అనుచున్నారు. వారి పిల్లలు కూడా మాట్లాడుకొనుట మానినారు. కాశిం గారి భార్య ఫక్రున్నీసా గారు నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, "ఈయన ఇప్పుడు టీ ఇంట్లోనే తాగుతున్నారండీ, తాగినప్పుడల్లా బాగాలేదంటున్నారు. నేనేం చెయ్యను?" అన్నారు. నాకు సిగ్గుగా ఉంది.

7. తప్పు నాదని ఇరువురికీ చెప్పితిని. "మీరు చదువుకున్నోరు సార్, మీరెందుకు తప్పు రాస్తారు? మాట తప్పింది ఆయన" అన్నారు కాశిం గారు. బ్రహ్మం గారు కూడా అంతే. చివరకు ఇరువురూ "యూనివర్సిటీ వాళ్లు చెబితే చూద్దాం" అన్నారు. ఇదే సందర్భములో, షెడ్డులో మిగిలిన ఆ కుర్చీ ఎవరిదని అడుగగా, అంత కోపములోనూ ఇద్దరూ "ఆయనదే" అన్నారు.

8. నేను మాత్రము ఈలోగా "ఒకే సంస్థలో ఇద్దరు సంపూర్ణ నాయకులు" అన్నది నూతన ఆవిష్కరణయని నాల్గవ అధ్యాయములో వ్రాసి సమర్పించియున్నాను. పరీక్షకులు దానిని మెచ్చుకొన్నారని తెలిసినది. వచ్చే నెల వైవా. అయ్యా, అక్కడ ఆ షెడ్డు మూతపడింది, ఇక్కడ నేను డాక్టర్ లాజరు అవుతాను. నిద్ర పట్టడం లేదు.

కావున తమరు దయయుంచి, ఆ అధ్యాయము తప్పని, వారిరువురిలో ఎవరూ మాట తప్పలేదని, ఇద్దరూ ఒకరినొకరు పెద్దచేసి చెప్పిన మర్యాదను ఒక తెలివితక్కువవాడు అటూ ఇటూ మోసినాడని, ముద్ర వేసి చెరొక ఉత్తరము పంపవలెనని వేడుకొనుచున్నాను. నా పట్టా గురించి తమకు తోచినట్లు చేయుడు. నా తప్పును, ఈ మనవిని కలిపి చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఇంకా డాక్టరు కానివాడు,
చిలకా లాజరు.

తా.క. సాక్షులుగా సంతకాలు చెయ్యమని ఈ అర్జీ పట్టుకుని ఇద్దరి దగ్గరికీ వెళ్లాను. చదవకుండానే ఇద్దరూ "ముందు ఆయన్ని పెట్టమనండి" అన్నారు. ఈసారి ఒకరి మాట ఇంకొకరికి మోయలేదు. కాగితం షెడ్డులో ఉంటుందని, శుక్రవారం పొద్దున రమ్మని ఇద్దరికీ చెప్పి, దీన్ని ఆ కుర్చీలో పెట్టి, పక్కన స్టాంపు అంటించిన కవరు పెట్టి వచ్చేస్తున్నాను. సంతకాలు పెట్టాక వాళ్లే పోస్టులో వేస్తారు. కాబట్టి ఇది తమ చేతికి అందిందంటే వాళ్లిద్దరూ ఒక చోట కూర్చుని చదివారన్నమాట. ఇక తమ ముద్ర అక్కర్లేదు. అందకపోతే తమకు తెలిసే దారే లేదు. ఒక్క కోరిక: ఎవరి సంతకం ముందుందో దయచేసి నాకు చెప్పకండి.