చిరుత పొట్ట కింద నీ చెయ్యి

నాయినా,

నువ్వు పోయిన ఏడాదికి, దొర గడిలో నువ్వు సాకిన ఆడ చిరుత నిన్న బోనులోనే ప్రాణం విడిచింది. మిర్యాలగూడ నుంచి వచ్చిన పశువుల డాక్టరు కోసి చూసి, చన్ను దగ్గరి గడ్డ మనుషులకొచ్చే రాచపుండే, క్యాన్సరేనన్నాడు.

నువ్వా మాట ఎప్పుడో చెప్పావు. "జంతువుకు రాచపుండేందిరా, పిచ్చోడా!" అని దొర నవ్వాడు. నిన్న మాత్రం నవ్వలేదు.

"గీ గడ్డను ముందుగాల ఎవరు కనిపెట్టిండ్రు?" అని డాక్టరు అడిగాడు.

"మా నాయిన. ఊచల సందుల నుంచి చెయ్యి పెట్టి పొట్ట నిమిరేటోడు. అది ఎల్లకిల పండుకునేది."

"బతికున్న చిరుతనా, బిడ్డా!" అంటూ ఆయన కత్తి కడగడం మరిచిపోయి నన్నే చూశాడు. అంత చదువుకున్నాయన కోస్తే గానీ తెలియనిది నీ వేళ్లకు ముందే తెలిసింది.

ఎట్ల తెలిసిందని కూడా అడిగాడు. అమ్మ తన గడ్డను నీకు సైతం చెప్పకుండా కొంగు కింద దాచుకుందనీ, ఆమె పోయాక నువ్వు చేతికందిన ప్రతి బర్రెనూ మేకనూ తడిమి చూసేవాడివనీ నేను చెప్పలేదు.

ఈ పొద్దున స్నానం చేస్తూ నన్ను నేను అలాగే తడిమి చూసుకున్నాను. ఏమీ లేదు, నాయినా.